మన కాలనీల భద్రత: రాసిన లెక్క, రాయని లెక్క

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు మొదట తప్పించుకోజూశాను. నేను రచయితను కాను. పోలీసు శాఖలో 1967లో ఎల్.డి.సి.గా చేరి, 2003లో ఆఫీసు సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. లాఠీ పట్టలేదు, టోపీ పెట్టలేదు. సర్వీసులో సగానికి పైగా నేరాల నెలవారీ పట్టికలు తయారుచేసే సీటులోనే గడిచింది. ఆ మాటే చెబితే కార్యదర్శి గారు, "మాకు కావలసింది అదేనండీ. మొన్న సర్వసభ్య సమావేశంలో విన్నారుగా, మన రోజుల్లో ఇన్ని నేరాలు లేవని అందరూ అన్నారు. అది నిజమో కాదో లెక్క తెలిసిన మీరే రాయండి" అన్నారు.

ఆ రోజు టీ తాగుతూ మన మిత్రులు మాట్లాడిన మాటలు నాకు గుర్తున్నాయి. ఒకాయన వేసవిలో వీధి తలుపు తీసుకునే నిద్రపోయేవాళ్లమన్నారు. ఇంకొకాయన సైకిలుకు తాళం వేసిన జ్ఞాపకం లేదన్నారు. ఇప్పుడు మూడు గ్రిల్లులు, నాలుగు కెమెరాలు ఉన్నా నిద్ర పట్టడం లేదని అందరూ ఒప్పుకున్నారు. నన్ను కూడా అడిగారు. నేను బిస్కెట్టు టీలో ముంచుకుంటూ నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడానికి కారణం ఉంది. మా ఇంట్లో రెండుసార్లు నేరం జరిగింది. ఒకటి రాసిన లెక్కలో ఉంది, ఒకటి లేదు. ఆ రెంటి సంగతి చెబితేగాని నేను చెప్పదలచినది పూర్తికాదు.

ఫిర్యాదు అంకె ఎలా అవుతుంది?

ముందుగా ఒక చిన్న విషయం. పత్రికలో "నేరాలు పెరిగాయి" అని చదివితే మనం నేరాలే పెరిగాయనుకుంటాం. నిజానికి పెరిగినవి రాసుకున్న నేరాలు. ఒక ఇంట్లో దొంగతనం జరిగితే ఇంటాయన ఠాణాకు వెళ్లాలి. అక్కడ మన ఆఫీసుల్లో ఎఫ్.ఐ.ఆర్. అని పిలిచే ప్రథమ సమాచార నివేదిక నమోదు కావాలి. దానికి ఒక నంబరు పడాలి. ఆ నంబరు నెలాఖరు పట్టికలో ఒక గడిలోకి రావాలి. ఠాణాల పట్టికలు పై ఆఫీసుకు, అక్కడి నుంచి రాష్ట్రానికి, రాష్ట్రాల నుంచి ఢిల్లీకి పోతాయి. దేశం మొత్తం నేరాల లెక్కలు 1953 నుంచి పుస్తకంగా వస్తున్నాయి. ఈ పని చూసే జాతీయ నేర నమోదు సంస్థ 1986లో ఏర్పడింది. నేరాల రేటు అంటే లక్ష జనాభాకు ఎన్ని కేసులు నమోదయ్యాయన్న లెక్క. ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో నాలుగు నేరాలుంటే వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అంటే పట్టికలోకి రాకముందే కొంత, వచ్చిన తరువాత కొంత జారిపోతుంది.

లెక్క ఎటువైపు తప్పుదారి పట్టించగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2019లో దేశంలో నమోదైన మొత్తం కేసులు సుమారు 51 లక్షల 56 వేలు. 2020లో అవి 66 లక్షలు దాటాయి. లక్ష జనాభాకు 385.5 ఉన్న రేటు 487.8 అయింది. ఒకే ఏడాదిలో 28 శాతం పెరుగుదల! మనమంతా ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్న కరోనా సంవత్సరం అది. పెరిగినదాంట్లో పెద్ద భాగం లాక్‌డౌన్ ఉత్తర్వులు ఉల్లంఘించారని పెట్టిన కేసులే. దొంగతనాలు ఆ ఏడాది తగ్గాయి. అంకె మాత్రమే చూసినవాడు 2020 భయంకరమైన నేరాల ఏడాది అనుకుంటాడు.

కొత్వాలు కాలం నుంచి

మన నగరంలో కాపలా వ్యవస్థ కొత్తదేమీ కాదు. నిజాం కాలంలో హైదరాబాద్ నగర పోలీసు అధిపతిని కొత్వాలు అనేవారు. 1920 నుంచి 1934 వరకు ఆ పదవిలో ఉన్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారి పేరు మా పాలమూరు వైపు ఇళ్లలో ఇప్పటికీ వినబడుతుంది. ఆయనది వనపర్తి సంస్థాన ప్రాంతం. 1918లో మొదలైన రెడ్డి హాస్టలు వెనుక ఉన్నది ఆయనే. నారాయణగూడలో ఆయన పేరుమీద మహిళా కళాశాల ఉంది. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆయన జీవిత చరిత్ర రాశారు. మా నాన్నగారికి కొత్వాలంటే చట్టం కాదు, మనిషి. "కొత్వాలు సాబుకు తెలిస్తే ఊరుకోడు" అనేవారు. అప్పటి భద్రతలో బలమూ అదే, బలహీనతా అదే. మనిషి మంచివాడైతే న్యాయం, కాకపోతే లేదు. నగర పోలీసులకు ప్రత్యేక చట్టం 1348 ఫసలీలో, అంటే సుమారు 1938-39లో వచ్చింది.

ఆంధ్ర ప్రాంతంలో కథ వేరు. అక్కడ మద్రాసు జిల్లా పోలీసు చట్టం 1859లోనే వచ్చింది. బ్రిటిషు ఇండియా పోలీసు చట్టం 1861 నాటిది. ఊళ్లలో తలారి, మా వైపు మస్కూరి, సేత్‌సింధీ రాత్రిళ్లు గస్తీ తిరిగేవారు. ఎవరింట్లో ఏం పోయినా ముందు వాళ్లకు చెప్పేవారు, తరువాత పటేలుకు. చాలా సంగతులు రచ్చకట్ట దగ్గరే తేలిపోయేవి, లేదా తేలకుండానే పోయేవి. ఠాణా పది పన్నెండు మైళ్ల దూరంలో ఉంటే బండి కట్టుకుని ఎవరు వెళతారు? కాబట్టి "మన రోజుల్లో దొంగతనాల్లేవు" అన్న మాటలో, రాయని దొంగతనాలు ఎన్ని ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. గడ్డివాము తగలబెట్టడం, గొర్రె పోవడం, ఇంటి గోడకు కన్నం వేయడం మా ఊళ్లో నేను చిన్నప్పుడు విన్న మాటలే. కన్నం వేయడమనే మాట మన భాషలో ఉందంటే ఆ పనీ ఉండేదనే గదా.

1984 నాటి మా కాలనీ

నగరానికి తూర్పు వైపున మా ఉద్యోగుల కాలనీలో 1984లో ఇల్లు కట్టుకున్నాను. ఆఫీసు లోను, భార్య పుస్తెలతాడు తప్ప మిగిలిన బంగారం, ఊళ్లో రెండెకరాలు కలిసి రెండు గదులు, ఒక వరండా అయ్యాయి. అప్పటికి కాలనీలో మూడోవంతు ప్లాట్లు ఖాళీ. రాత్రి ఎనిమిది దాటితే వీధి దీపం ఒకటి వెలిగితే రెండు వెలగవు. చివరి బస్సు దిగినవాళ్లు నలుగురైదుగురు పోగయ్యేవరకు బస్‌స్టాపులోనే నిలబడి, అందరూ కలిసి నడిచేవారు.

భద్రతకు మాకు మూడు ఏర్పాట్లుండేవి. ఒకటి గూర్ఖా. ఇంటికి నెలకు అయిదు రూపాయలు. అర్ధరాత్రి కర్ర నేలకు తాటిస్తూ ఈల వేసుకుంటూ తిరిగేవాడు. ఈల వినబడితే దొంగకు కూడా గూర్ఖా ఏ వీధిలో ఉన్నాడో తెలుస్తుంది కదా అని పిల్లలు నవ్వేవారు. అయినా ఆ ఈల వినకపోతే మాకు నిద్ర పట్టేది కాదు. రెండవది బీటు పుస్తకం. మూలమీది ఇంటి గోడకు మేకుకు వేలాడేది. రాత్రి గస్తీ కానిస్టేబులు వచ్చి సమయం వేసి సంతకం చేయాలి. మూడవది అన్నిటికన్నా గట్టిది: పక్కింటివాళ్లు. ఊరికి వెళితే తాళం చెవి వాళ్లకే ఇచ్చేవాళ్లం. పాలవాడు, పేపరువాడు, వేపచెట్టు కింద ఇస్త్రీబండి పెట్టుకున్న తండ్రీ కొడుకులు, వీళ్లందరికీ ఎవరి ఇంట్లో ఎవరున్నారో తెలుసు. అప్పుడు అదే మాకు ధైర్యం. తరువాత అదే అనుమానమైంది.

మా ఇంట్లో దొంగతనం

1987 మే నెలలో మా మరదలి పెళ్లికి నాలుగు రోజులు ఊరికి వెళ్లాం. పక్కింటివాళ్లు కూడా సెలవులకు వెళ్లడంతో తాళం చెవి మా దగ్గరే ఉంది. తిరిగి వచ్చేసరికి వెనుక తలుపు గొళ్లెం ఊడదీసి ఉంది. ట్రంకుపెట్టె తెరిచి ఉంది. రెండు వెండి గ్లాసులు, కుంకుమ భరిణె, మా మామగారు పెళ్లికి పెట్టిన వెండి కంచం, మా పెద్దమ్మాయికి చేయించిన గొలుసు పోయాయి. కంచం అంచున మా మామగారి పేరులోని మొదటి అక్షరాలు చెక్కి ఉన్నాయి.

అదే సాయంత్రం ఠాణాకు వెళ్లాను. ఆ ఠాణా పేరుగాని, అక్కడి అధికారి పేరుగాని ఇక్కడ అవసరం లేదు. నన్ను చూడగానే కుర్చీ వేశారు. "మీరు మన ఆఫీసు మనిషే. కేసంటే మీకే తిప్పట. కోర్టు, సాక్ష్యం, వాయిదాలు. రాతకోతలెందుకు? మేము చూసుకుంటాం. ఎవరిమీదైనా అనుమానముందా?" అన్నారు. రాయనందుకు నాకు లోపల సంతోషమే కలిగింది. నేరాల పట్టికలు వేసే వాడింట్లోనే దొంగలు పడ్డారని ఆఫీసులో నవ్వుకుంటారన్న సిగ్గు ఒకటి. నెలాఖరు పట్టికలో మా పరిధి అంకె పెరగకూడదని పైనుంచి వచ్చే ఒత్తిడి నాకు తెలియడం ఇంకొకటి. అనుమానం ఎవరిమీద అని రెండోసారి అడిగితే, నా నోట వచ్చిన మాట ఇస్త్రీ కుర్రాడు. వాడికి పదహారేళ్లుంటాయి. బట్టలకని అన్ని ఇళ్లకూ వచ్చేవాడు. మేము ఊరికి వెళుతున్నామని వాడికి తెలుసు. పెళ్లి బట్టలు ఇస్త్రీ చేసింది వాడే.

ఆ రాత్రే కుర్రాణ్ణి తీసుకుపోయారు. ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. "ఆ పిల్లగాడు కాదండీ. అన్నం తినమన్నా గడప లోపలికి రానోడు, ట్రంకుపెట్టె జోలికి పోతాడా?" అంది. మరునాడు పొద్దున వాడి తండ్రి మా గేటు దగ్గరకు వచ్చాడు. లోపలికి రాలేదు. "సార్, మీరు ఒక్క మాట చెప్పున్రి సార్. నా కొడుకు తియ్యలే" అన్నాడు. నేను ఆఫీసుకు ఆలస్యమైందన్నాను. రెండు రాత్రుల తరువాత వాణ్ణి వదిలిపెట్టారు. ఏమీ దొరకలేదు. కుర్రాడు కుడిచేయి సరిగా ఎత్తలేకపోతున్నాడని పాలవాడు చెప్పాడు. మూడవ రోజు వేపచెట్టు కింద బండి లేదు. మళ్లీ ఎన్నడూ రాలేదు.

ఇక్కడే నేను చెప్పదలచిన సంగతి ఉంది. కేసు లేదు కనుక ఆ రెండు రాత్రులు వాడు ఠాణాలో ఉన్నట్టు ఏ కాగితమూ లేదు. కేసు పెట్టి అరెస్టు చూపితే ఇరవైనాలుగు గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఎఫ్.ఐ.ఆర్. రాయకపోవడం వల్ల నాకు మర్యాద మిగిలింది, అధికారికి అంకె తగ్గింది. కాగితం లేని లోటంతా ఆ కుర్రాడి ఒంటిమీద పడింది. ఆ నెల పట్టిక నేనే టైపు చేశాను. ఇళ్లు పగలగొట్టిన దొంగతనాల గడిలో ఆ ఠాణాకు మూడు రావలసింది. రెండు అని కొట్టాను.

1989లో వేరొక జిల్లాలో కొందరు దొంగలు పట్టుబడ్డారు. వాళ్లు ఒప్పుకున్న చోట్లలో మా ప్రాంతమూ ఉంది. దొరికిన సొత్తు జాబితా నా బల్లమీదికి వచ్చింది. పదకొండవ వస్తువు: వెండి కంచం ఒకటి, అంచున రెండు అక్షరాలు. ఎదురుగా కేసు నంబరు గడి ఖాళీ. నాది అని కోర్టులో దరఖాస్తు పెట్టుకునే వీలుంది. ఎవరూ రాకపోతే ప్రకటన వేసి ఆరు నెలలు చూసి, తరువాత ప్రభుత్వపరం చేస్తారు. దరఖాస్తు పెడితే, అప్పుడు ఫిర్యాదు ఎందుకివ్వలేదని అడుగుతారు. దాని వెనుకనే కుర్రాడి సంగతి వస్తుంది. నేను పెట్టలేదు. ఆరు నెలలూ గడిచిపోయాయి. మా ఆవిడకు ఈ సంగతి 2003లో, రిటైరైన తరువాత చెప్పాను. ఆమె కంచం గురించి ఒక్క మాట అడగలేదు. "ఆ పిల్లగాడి చెయ్యి బాగయిందో లేదో" అంది.

అనుమానానికి ఉన్న చరిత్ర

నా నోటికి ఆ కుర్రాడే ఎందుకు వచ్చాడని తరువాత చాలాసార్లు ఆలోచించాను. మన శాఖలో అనుమానానికి పాత దస్త్రాలున్నాయి. 1871లో బ్రిటిషువారు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. కొన్ని కులాల్లో పుడితే చాలు, దొంగల జాబితాలోకి ఎక్కినట్టే. 1911 నాటి చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం ఆ విధంగా సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకలవారికోసం ఏర్పడిన సెటిల్మెంటే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. కాని చట్టం పోయినంత త్వరగా అలవాటు పోలేదు. మనం తిట్టుగా వాడే "కేడీ" అన్న మాట కూడా పోలీసు రికార్డుల్లోనిదే. పాత దొంగల పేర్ల పక్కన రాసే రెండు ఇంగ్లీషు అక్షరాలు వీధిలోకి వచ్చి తిట్టుగా స్థిరపడ్డాయి.

కాలనీ భద్రత అనగానే మనం ముందు చూసేది మన ఇళ్లలో పనిచేసేవాళ్లవైపు. పనిమనిషి, వాచ్‌మన్, డెలివరీ కుర్రాడు. వాళ్లలో తప్పుచేసేవాళ్లు ఉండరని నేననను. కాని అనుమానం చెప్పడం సులభం, ఆధారం చూపడం కష్టం. కాగితం ఉంటే ఆధారం అడుగుతారు. కాగితం లేకపోతే అనుమానమే తీర్పు అవుతుంది.

చట్టం మారింది, కాలనీ మారింది

నేను రిటైరయ్యాక చాలా మార్పులు వచ్చాయి. మా కాలనీలో ఖాళీ ప్లాట్లు లేవు. రెండు గదుల ఇళ్లు అయిదంతస్తుల అపార్టుమెంట్లయ్యాయి. గూర్ఖా ఈల ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. మోటారుసైకిళ్లమీద వచ్చి ఆడవాళ్ల మెడలో గొలుసులు తెంపుకుపోవడం పెద్ద భయమైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రజాభద్రత చట్టం వచ్చి, జనం గుమికూడే సంస్థల్లో కెమెరాలు తప్పనిసరి చేసింది. 2014 అక్టోబరులో హైదరాబాదులో షీ టీములు మొదలయ్యాయి. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైన మార్పు నా లెక్కన 2013 నవంబరు 12న వచ్చింది. లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, శిక్షార్హమైన పెద్ద నేరం జరిగినట్టు సమాచారం వస్తే ఎఫ్.ఐ.ఆర్. రాయడం పోలీసుల విధి అనీ, రాయాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం కాదనీ తేల్చింది. కొన్ని రకాల కేసుల్లో మాత్రమే ముందుగా చిన్న విచారణకు వీలుంది. 1898 స్మృతిలోనూ, 1973 స్మృతిలోనూ 154వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమం, 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్‌గా ఉంది. ఏ ఠాణాలోనైనా, అది మన పరిధి కాకపోయినా, ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇంటర్నెట్ ద్వారా కూడా పంపవచ్చు, కాని మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదిదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఠాణాలో తీసుకోకపోతే ఎస్.పి.కి తపాలాలో పంపవచ్చు, అప్పటికీ కాకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. గొలుసు తెంపుకుపోవడాన్ని కొత్త న్యాయ సంహితలో 304వ సెక్షన్ కింద ప్రత్యేక నేరంగా పెట్టారు.

రెండోసారి

ఇంత తెలిసినవాణ్ణి, 2023 నవంబరులో ఒక సాయంత్రం ఫోనెత్తాను. పెన్షను విభాగం నుంచి అన్నాడు. మాట మర్యాదగా ఉంది. "నమస్కారం సార్, మీ లైఫ్ సర్టిఫికెట్ ఇంకా నమోదు కాలేదు. వచ్చే నెల పెన్షను ఆగిపోతుంది" అన్నాడు. నా పి.పి.ఓ. నంబరు, రిటైరైన తేదీ, బ్యాంకు బ్రాంచి పేరు వాడే చెప్పాడు. అవన్నీ తెలిసినవాడు మన ఆఫీసువాడు కాక ఇంకెవరనుకున్నాను. ఫోనుకు వచ్చిన నంబరు చెప్పమంటే చెప్పాను. మూడుసార్లు చెప్పాను. రాత్రి తొమ్మిదింటికి చూసుకుంటే ఖాతాలో రెండు లక్షల నలభై వేలు లేవు.

మిత్రులారా, ఆ రాత్రి నేను ఎవరికీ చెప్పలేదు. ముప్ఫయ్యారేళ్లు నేరాల లెక్క రాసినవాడు ఒక కుర్రగొంతుకు మోసపోయాడని తెలిస్తే ఏమంటారు? కొడుకు ఫోను తీసేసుకుంటాడు. పాసుపుస్తకం, ఏ.టి.ఎం. కార్డు "నా దగ్గర ఉండనీ నాన్నా" అంటాడు. ఆ తరువాత కూరగాయలకు కూడా చేయి చాపాలి. డబ్బు పోయినదానికన్నా ఆ భయమే ఎక్కువ. మన వయసులో చాలామంది నోరెత్తకపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. దొంగ మన డబ్బుతోపాటు ఈ భయాన్ని కూడా లెక్క వేసుకునే వస్తాడు.

తెల్లవారుజామున మా ఆవిడ లేచి చూసింది. నేను వరండాలో కూర్చుని ఉన్నాను. సంగతి విని ఆమె తిట్టలేదు. "అప్పుడు రాయకపోతే ఏమయిందో మరిచిపోయినవా? ఇప్పుడైనా రాయి" అంది. నలభయ్యేళ్లు "అండీ" అని పిలిచిన మనిషి ఆ ఒక్కరోజు మరిచిపోయింది. కోడలు 1930కి ఫోను చేసింది. ఆ నంబరు డబ్బు మోసాలకోసమే. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోయేలోగా ఆపగలిగితే ఆపుతారు. మేము ఒక రాత్రి ఆలస్యం చేశాం. అయినా తొంభై రెండు వేలు ఒక ఖాతాలో ఆగిపోయాయి. పది గంటలకు ఠాణాకు వెళ్లాను. చెప్పినదంతా రాసుకున్నారు, చదివి వినిపించారు, సంతకం తీసుకున్నారు, నకలు ఇచ్చారు. నా పేరుమీద మొదటి ఎఫ్.ఐ.ఆర్. అది. ఆగిన డబ్బు 2024లో లోక్ అదాలత్ ద్వారా తిరిగి వచ్చింది. మిగిలినది రాలేదు. నా కొడుకు నా ఫోను తీసుకోలేదు. బదులుగా వాడి స్నేహితుడి తండ్రి కూడా ఇలాగే మోసపోయి ఆరు నెలలుగా చెప్పకుండా ఉన్నాడని నాకు చెప్పాడు. నేను వెళ్లి ఆయనతో మాట్లాడాను.

అప్పటి నుంచి మోసాలు కొత్త వేషాలు వేశాయి. పోలీసు దుస్తుల్లో వీడియోలో కనబడి "డిజిటల్ అరెస్టు" చేశామంటారు. అటువంటి అరెస్టు మన చట్టాల్లో ఎక్కడా లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో కూడా ఈ మాటే చెప్పారు. పోలీసు శాఖలో ముప్ఫయ్యారేళ్లు పనిచేసినవాడిగా నేనూ చెబుతున్నాను, ఏ అధికారీ ఫోనులో అరెస్టు చేయడు, కేసు మాఫీకి డబ్బు బదిలీ చేయమనడు.

చివరగా

కార్యదర్శి గారి ప్రశ్నకు నా జవాబు ఇది. మన రోజుల్లో భద్రత ఎక్కువగా ఉండేదా అంటే, కొన్ని విషయాల్లో ఉండేది. పక్కింటి తాళం చెవి మన ఇంట్లో ఉండేది. దాన్ని మళ్లీ తెచ్చుకోగలిగితే మంచిదే. కాని నేరాలు తక్కువని చెప్పడానికి నా పట్టికలను సాక్ష్యంగా తీసుకోవద్దు. వాటిలో కనీసం ఒక్క అంకె తప్పని నాకు తెలుసు. ఒక కాలనీలో నమోదైన కేసులు పెరిగితే కంగారు పడేముందు, జనం భయపడక ఠాణాకు వెళుతున్నారేమో చూడాలి. కేసులు సున్నా అయితే సంతోషించేముందు, ఎవరు నోరు మూసుకున్నారో విచారించాలి.

మన సంఘం సభ్యులకు, వాళ్ల పిల్లలకు రెండు విన్నపాలు. మొదటిది పెద్దలకు: ఏం పోయినా, ఎంత చిన్నదైనా, ఆ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు తీసుకోండి. పరిచయమున్న అధికారి "కేసెందుకండీ" అంటే, అందుకేనండీ అని చెప్పండి. అనుమానమెవరిమీద అని అడిగితే, చూసినదే చెప్పండి, అనుకున్నది చెప్పకండి. రెండవది పిల్లలకు: మీ నాన్నగారు మోసపోయారని తెలిస్తే, ఎందుకు చెప్పారని అడగకండి, ఎలా చెప్పారని అడగకండి. ఫోను లాక్కోకండి. చెప్పినందుకు కూర్చోబెట్టి టీ ఇవ్వండి.

ఆ ఎఫ్.ఐ.ఆర్. నకలు నా పి.పి.ఓ. పుస్తకంతో పాటు ఒకే కవరులో పెట్టుకున్నాను. 1987 నాటి దానికి నా దగ్గర కాగితం లేదు. ఆ తండ్రీ కొడుకుల ఊరు ఏదో కూడా నేను అప్పుడు అడగలేదు. ఆ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఈ సంచిక ఎవరి ఇంట్లోనైనా, ఎవరి ద్వారానైనా అతని దాకా చేరితే, తప్పు అతనిది కాదని, నాదని ఇక్కడ రాసి సంతకం చేస్తున్నాను.